ఇంటి వీడియోను డీవీడీకి ఎక్కించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లి క్యాసెట్, బారసాల వీడియో, ఫోన్‌లో తీసిన గృహప్రవేశం. వీటిని టీవీ ముందు కూర్చుని చూసుకునేలా డిస్కు చేసి పెట్టమని చుట్టాలూ స్నేహితులూ చాలాకాలంగా అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పిందే చెప్పి గొంతు నొప్పి పుట్టింది. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. లెక్కలన్నీ మన దేశపు టీవీ, డీవీడీల లెక్క అయిన పాల్ పద్ధతివి. అమెరికాకు పంపే డిస్కుల సంగతి కింద వేరుగా ఉంది.

క్వాలిటీ అస్సలు పోకుండా డీవీడీ చేయొచ్చా?

చేయలేం. డీవీడీలో వీడియో సాధారణంగా ఎంపెగ్-2 అనే కుదింపు పద్ధతిలో ఉంటుంది. కంటికి పెద్దగా ఆనని వివరాలను వదిలేసి సైజు తగ్గించడమే దాని పని. పైగా పాల్ డీవీడీ ఫ్రేములో ఉండేది 720×576 చుక్కలే. ఫోన్లో 1920×1080లో తీసిన వీడియోను అందులో కూర్చోబెడితే చుక్కల్లో సరిగ్గా ఐదో వంతు మిగులుతుంది.

మన చేతిలో ఉన్నది ఒకటే: ఆ నష్టం ఒక్కసారికి మించి జరగకుండా చూసుకోవడం. నా దగ్గరికి వచ్చే పాడైపోయిన వీడియోల్లో ఎక్కువ భాగం బిట్‌రేట్ (ఒక్కో సెకను వీడియోకు వాడే డేటా) తక్కువై పాడైనవి కావు. క్యాసెట్‌ను ఎవరో వీసీడీ చేస్తారు. ఆ వీసీడీని ఇంకొకరు ఫోన్‌కి మార్చుకుంటారు. దాన్ని వాట్సాప్‌లో పంపుతారు. అందినవాళ్లు దానితో డీవీడీ చేయమంటారు. జిరాక్స్‌కి జిరాక్స్ తీస్తూ పోతే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. కాబట్టి నేను అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే: "అసలు ఎక్కడుంది?" క్యాసెట్ ఉంటే క్యాసెట్, కెమెరా కార్డు ఉంటే కార్డు, ఫోన్‌లో ఉంటే కేబుల్ పెట్టి తీసుకున్న ఫైలు. వాట్సాప్ తప్ప దారి లేదంటే డాక్యుమెంటుగా పంపమనండి, అప్పుడు అది వీడియోను కుదించదు.

వీహెచ్ఎస్ క్యాసెట్‌ను కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు ఏ సైజు పెట్టాలి?

720×576, సెకనుకు 25 ఫ్రేములు, ఇంటర్లేస్‌గానే (అంటే ప్రతి ఫ్రేమూ రెండు సగాలుగా, కింద వివరంగా ఉంది). "1080కి పెంచి తీసుకుంటే బాగుంటుంది కదా" అని చాలామంది అంటారు. వీహెచ్ఎస్‌లో అడ్డంగా ఉండే వివరం సుమారు 240 గీతలే. లేని వివరాన్ని సాగదీస్తే ఫైలు లావవుతుంది, ముఖం మాత్రం స్పష్టం కాదు. డిస్కు పెట్టాక పెద్ద టీవీకి సరిపడా సాగదీసే పని టీవీనో ప్లేయరో ఎలాగూ చేస్తుంది.

డిస్కు ఖర్చు కంటే ఎక్కువగా ఆలోచించాల్సింది వీసీఆర్ గురించి. హెడ్ శుభ్రంగా ఉండాలి. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు మీద తెల్లటి బూజు కనిపించిందా, దాన్ని ప్లేయర్‌లో పెట్టొద్దు. హెడ్ పాడవుతుంది, ఆ బూజు తర్వాత పెట్టే క్యాసెట్‌కీ అంటుకుంటుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో బీరువా అడుగున ఉండిపోయిన క్యాసెట్లకు ఈ బాధ ఎక్కువ.

చాలాకాలం కదలని టేపును ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పి, ఆ తర్వాతే ఎక్కించాలి. ప్లేయర్‌కు ఎస్-వీడియో సాకెట్ ఉంటే పసుపు రంగు కాంపోజిట్ కేబుల్ బదులు దాన్నే వాడండి. చోటుంటే హఫ్‌వైయూవీ, లగరిత్ లాంటి నష్టం లేని కోడెక్‌లో (వీడియోను కుదించి దాచే పద్ధతిలో) పట్టుకోండి. అసలు కుదించకుండా పట్టుకుంటే గంటకు దాదాపు 75 జీబీ అవుతుంది. ఈ కోడెక్‌లు దాన్ని ఇంచుమించు సగానికి తెస్తాయి. డీవీడీ చేయడం అయ్యాక ఆ పెద్ద ఫైలును ఉంచుకోవాలా అన్నది మీ హార్డ్ డిస్కు ఇష్టం. నేనైతే ఉంచుతాను.

మినీడీవీ టేపుల సంగతి ఏమిటి?

అదృష్టవంతులు. ఆ టేపు మీద వీడియో అప్పటికే డిజిటల్ రూపంలో ఉంటుంది, సెకనుకు 25 మెగాబిట్లు, గంటకు సుమారు 13 జీబీ. ఫైర్‌వైర్ కేబుల్‌తో కంప్యూటర్లోకి తెచ్చుకుంటే అది ఫైలు కాపీ చేసుకోవడం లాంటిదే, ఏ నష్టమూ ఉండదు. అదే క్యామ్‌కార్డర్‌కు పసుపు వైరు పెట్టి క్యాప్చర్ పరికరంలోకి పంపితే, చేతిలో ఉన్న డిజిటల్ వీడియోను అనలాగ్ చేసి మళ్లీ డిజిటల్ చేసినట్టు. ఫైర్‌వైర్ ఉన్న పాత కంప్యూటర్ ఎవరి దగ్గరైనా ఉంటే ఒక ఆదివారం అడిగి తెచ్చుకోండి.

డిస్కు పెడితే అందరూ లావుగానో సన్నగానో కనిపిస్తున్నారు. ఎందుకు?

మా పెళ్లి క్యాసెట్‌ను ఒకసారి ఒక షాపులో ఇచ్చి డీవీడీ చేయించాం. మా అత్తగారు టీవీలో చూసి, "అప్పటికే ఇంత లావున్నానా?" అని రెండు రోజులు దిగులుపడ్డారు. ఆవిడ తప్పేమీ లేదు. పాత చదరపు బొమ్మను ఎవరో వెడల్పు బొమ్మగా ముద్ర వేసి పంపారు.

డీవీడీలో 720×576 అన్నది లెక్కకు 5:4 ఆకారం. అది 4:3 కాదు, 16:9 కూడా కాదు. డిస్కులో చుక్కలు చతురస్రంగా ఉండవు. బొమ్మతోపాటు "దీన్ని 4:3గా చూపించు" లేదా "16:9గా చూపించు" అని ఒక చిన్న గుర్తు ఉంటుంది. ప్లేయర్ దాన్ని చదివి అడ్డంగా సాగదీస్తుంది. ఆ గుర్తు ఒకటీ బొమ్మ ఇంకొకటీ అయితే మనుషులు లావెక్కుతారు, లేదా చిక్కిపోతారు.

పాత క్యాసెట్లన్నిటికీ 4:3 గుర్తే పెట్టండి. పక్కన నల్ల పట్టీలు వస్తే రానివ్వండి. "టీవీ నిండా రావాలి" అని పట్టుబట్టేవాళ్లుంటారు. వాళ్ల కోసం పైనా కిందా కోసి పెంచితే పెళ్లికొడుకు బాసికం పోతుంది. ఫోన్ వీడియోలు, కొత్త క్యామ్‌కార్డర్ వీడియోలు 16:9. వాటిని మొత్తం 720×576కి నొక్కి 16:9 గుర్తు పెడితే చాలు. మీరే నల్ల పట్టీలు కలిపి 4:3గా చేయొద్దు. అలా చేస్తే ఉన్న 576 గీతల్లో పావు వంతు నలుపుకే పోతుంది.

నెట్‌లో 720 సరైనదా 704 సరైనదా అని పేజీల కొద్దీ వాదనలు కనిపిస్తాయి. తేడా రెండు శాతం చిల్లర. దాని కోసం నిద్ర పాడుచేసుకోకండి.

ఒక డిస్కులో ఎంతసేపు పడుతుంది? బిట్‌రేట్ ఎంత పెట్టాలి?

మామూలు డీవీడీ 4.7 జీబీ. ఇక్కడ జీబీ అంటే వంద కోట్ల బైట్లు, కాబట్టి విండోస్‌లో అది 4.38గా కనిపిస్తుంది. మోసం కాదు, కొలత తేడా.

లెక్కకు నేను వాడే అడ్డదారి: 600ను నిమిషాలతో భాగించండి, వచ్చినది సెకనుకు మెగాబిట్లు. రెండు గంటల వీడియోకు 600 బై 120, అంటే 5. అందులోంచి ఆడియోకు 0.2 తీసేస్తే వీడియోకు 4.8 మెగాబిట్లు. మెనూకు, ఇతర ఖర్చులకు కొంత చోటు ఇందులోనే వదిలాం. గంటన్నరకు దాదాపు 6.5 వస్తుంది. మూడు గంటల పూర్తి పెళ్లి క్యాసెట్‌కు 3.1 దగ్గర ఆగుతుంది. గంట వీడియోకు లెక్క ప్రకారం 10 వస్తుంది కానీ అంత పెట్టకూడదు. డీవీడీ నియమం ప్రకారం వీడియో 9.8 మెగాబిట్లు దాటకూడదు, ఆడియోతో కలిపి మొత్తం 10.08 దాటకూడదు. ఇంట్లో రైట్ చేసిన డిస్కులకు పాత ప్లేయర్లు ఆ అంచుల దగ్గర తడబడతాయి. సగటు 8 మించకుండా, గరిష్ఠం 8.5 లేదా 9 దగ్గర పెట్టి ఊరుకోండి.

మూడు గంటలకు 3.1 చాలదు అనిపిస్తే రెండు దారులున్నాయి. ఒకటి, రెండు డిస్కులు చేయడం. నా ఓటు దీనికే. ముహూర్తం దాకా ఒకటి, అప్పగింతలతో ముగిసేది ఇంకొకటి. రెండోది, ఫ్రేమును 352×576కి తగ్గించడం. డీవీడీ ఈ సైజును ఒప్పుకుంటుంది. వీహెచ్ఎస్‌లో అడ్డంగా ఉన్న వివరమే తక్కువ కాబట్టి సగం వెడల్పులో దాదాపు ఏమీ పోదు. ఉన్న బిట్లు సగం చుక్కలకే పంచితే సరిపోతుంది కాబట్టి గళ్లు రావు. చాలామందికి ఈ దారి ఉన్నట్టే తెలియదు. 8.5 జీబీ రెండు పొరల డిస్కు కూడా ఉంది గానీ, పాత ప్లేయర్లలో పొర మారే చోట తట్టుకుని ఆగడం చూశాను. పెద్దవాళ్లకు ఇచ్చే డిస్కుకు నేను దాన్ని వాడను.

మిగతా అంతా బాగానే ఉంది, తలంబ్రాల దగ్గర మాత్రం బొమ్మ గళ్లు గళ్లుగా చెదిరిపోతోంది.

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న. ఎంపెగ్-2 పద్ధతి ఒక ఫ్రేమును పూర్తిగా దాచుకుని, ఆ తర్వాతి ఫ్రేముల్లో ఏది కదిలిందో ఏది మారిందో అంతవరకే రాసుకుంటుంది. పాల్‌లో గరిష్ఠంగా 15 ఫ్రేములకు ఒకసారి మళ్లీ పూర్తి ఫ్రేము రావాలి. పురోహితుడు మంత్రాలు చదువుతూ కూర్చున్నంతసేపూ మారేది ఆయన పెదవులూ చేతులే. బిట్లు మిగిలిపోతాయి. తలంబ్రాలు మొదలవగానే వందల గింజలు వందల దిక్కులకు ఎగురుతాయి. వెనక ఫొటోగ్రాఫర్ల ఫ్లాష్‌లు. ప్రతి ఫ్లాష్‌కూ ఫ్రేము మొత్తం తెల్లబడి మళ్లీ మామూలవుతుంది. "ముందు ఫ్రేము లాగే ఉంది" అని రాసుకోవడానికి ఏమీ మిగలదు. పుష్కరాల్లో గోదావరి నీళ్లు, దీపావళి మతాబులు, హోమం పొగ, అన్నీ ఇదే కోవ.

దీనికి మందు టూ-పాస్ వేరియబుల్ బిట్‌రేట్. మొదటి విడతలో ఎన్‌కోడర్ (వీడియోను ఎంపెగ్-2లోకి మార్చే సాఫ్ట్‌వేర్) వీడియో అంతా చూసి ఎక్కడ కష్టమో గుర్తుపెట్టుకుంటుంది. రెండో విడతలో మంత్రాల దగ్గర పొదుపు చేసి తలంబ్రాల దగ్గర ఖర్చు పెడుతుంది. సగటు 4.8 అయినా ఆ నిమిషాల్లో 8 దాకా పోనివ్వాలి. బిట్‌రేటును స్థిరంగా 4.8కి కట్టేస్తే మంత్రాలు అవసరానికి మించి బాగుంటాయి, తలంబ్రాలు పాడవుతాయి. రెండు విడతలకు సమయం రెట్టింపవుతుంది, రాత్రి పెట్టి పడుకోండి.

ఇంకొకటుంది. క్యాసెట్ మీద చీమలు పాకినట్టు కదిలే నాయిస్ కూడా ఎన్‌కోడర్ దృష్టిలో తలంబ్రాలే. దాన్ని దాచుకోవడానికి బిట్లు తగలేస్తుంది. ఎన్‌కోడ్ చేసేముందు నాయిస్‌ను కాస్త తగ్గిస్తే అదే బిట్‌రేటుకు బొమ్మ తేటపడుతుంది. "కాస్త" అన్న మాట గుర్తుంచుకోండి. ఎక్కువ చేస్తే ముఖాలు మైనపు బొమ్మల్లా, పట్టుచీర జరీ పసుపు పూసిన గుడ్డలా అవుతాయి. క్యాసెట్ బొమ్మకు అడుగున ఎగిరే గజిబిజి గీతలను కోసి బొమ్మను సాగదీయకుండా, ఆ కొన్ని గీతల మీద నలుపు కప్పండి.

కంప్యూటర్లో చూస్తే కదిలే చేతుల అంచులు దువ్వెన పళ్లలా ఉన్నాయి. డీఇంటర్లేస్ చేయాలా?

డీవీడీ కోసమైతే వద్దు. పాత కెమెరాలు ఒక ఫ్రేమును రెండు సగాలుగా తీస్తాయి. బేసి గీతలు ఒక క్షణంలో, సరి గీతలు సెకనులో యాభయ్యో వంతు తర్వాత. కంప్యూటర్ రెండిటినీ ఒకేసారి చూపిస్తుంది కాబట్టి కదిలే చోట దువ్వెన పళ్లు కనిపిస్తాయి. డీవీడీ పుట్టిందే ఇలాంటి వీడియో కోసం. టీవీ ఆ సగాలను సరిగ్గా విడదీసి చూపించుకుంటుంది. మీరు ముందే డీఇంటర్లేస్ చేసి రెండు సగాలనూ కలిపేస్తే సెకనుకు 50 కదలికల్లో 25 శాశ్వతంగా పోతాయి. పిల్లల పరుగు పందెం కుదుపులు కుదుపులుగా తయారవుతుంది.

ఎన్‌కోడర్‌కు మాత్రం "ఇది ఇంటర్లేస్ వీడియో" అని చెప్పాలి. ఏ సగం ముందు అన్నదీ చెప్పాలి. డీవీ టేపుల్లో కింది ఫీల్డ్ (అంటే కింది సగం) ముందు వస్తుంది. అనలాగ్ క్యాప్చర్ పరికరాల్లో చాలావరకు పై ఫీల్డ్ ముందు. తిరగబడితే గుర్తుపట్టడం తేలికే. కెమెరా పక్కకు తిరిగేటప్పుడు బొమ్మ రెండడుగులు ముందుకూ ఒకడుగు వెనక్కూ వేసినట్టు వణుకుతుంది. కంప్యూటర్లో ఇది కనిపించకపోవచ్చు, పాత టీవీలో కళ్లు తిరుగుతాయి.

హెచ్‌డీ హ్యాండీక్యామ్‌లో 1080 ఇంటర్లేస్‌గా తీసినది మాత్రం వేరే కథ. దాన్ని 576 గీతలకు తగ్గించాలి. రెండు సగాలు కలిసున్న బొమ్మను నేరుగా కుదిస్తే బేసి గీతలూ సరి గీతలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి దయ్యంలా నీడ వస్తుంది. వరుస ఇలా ఉండాలి: ముందు ప్రతి సగాన్నీ ఒక పూర్తి ఫ్రేముగా చేసి సెకనుకు 50 ఫ్రేములు తయారుచేయాలి, ఆ ఫ్రేములను కుదించాలి, ఆ తర్వాత మళ్లీ 25 ఇంటర్లేస్‌కు అల్లాలి. మొదటి మెట్టుకు ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో బీడబ్ల్యూడిఫ్ ఫిల్టర్ చాలు. ఓపిక ఉన్నవాళ్లు అవిసింత్ అనే సాఫ్ట్‌వేర్లో క్యూటీజీఎంసీ వాడతారు. అది బాగా చేస్తుంది, తాపీగా చేస్తుంది.

కుదించడానికి బైక్యూబిక్కా, లాంకోషా?

ఇవి ఫ్రేము సైజు మార్చే రెండు లెక్కల పద్ధతులు. పెద్దదాన్ని చిన్నది చేసేటప్పుడు రెండూ బాగానే ఉంటాయి. లాంకోష్ కాస్త పదునుగా ఉంటుంది, బిట్లు కాస్త ఎక్కువ అడుగుతుంది. పైన చెప్పిన ఇంటర్లేస్ తప్పు చేస్తూ ఈ ఎంపిక గురించి గంటలు గంటలు ఆలోచించేవాళ్లను చూశాను.

ఫోన్‌లో తీసిన వీడియోకు ఏం చూసుకోవాలి?

మూడు చిక్కులు. మొదటిది, ఫోన్ సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది, పాల్ డిస్కుకు 25 కావాలి. ఆరింట ఒక ఫ్రేము పారేయాల్సి వస్తుంది, కెమెరా తిప్పినచోటల్లా అది గుచ్చుకుంటుంది. ఇలాంటప్పుడు ఎన్‌టీఎస్‌సీ (అమెరికా పద్ధతి) డిస్కు చేయండి: 720×480, సెకనుకు 29.97. మన దగ్గర అమ్మిన డీవీడీ ప్లేయర్లూ టీవీలూ సాధారణంగా రెండు పద్ధతులూ చదువుతాయి. గీతలు కాస్త తగ్గినా కదలిక సాఫీగా ఉంటుంది. నేను ఫోన్ వీడియోలన్నిటికీ ఇదే చేస్తున్నాను.

రెండోది, ఫోన్ 30 అంటుంది కానీ చీకటి పడితే 24కో 20కో జారిపోతుంది. దీన్ని వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. పట్టించుకోకుండా ఎన్‌కోడ్ చేస్తే పది నిమిషాలు గడిచేసరికి మాట ముందూ పెదవి వెనకా అవుతుంది. ముందే స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకోండి.

మూడోది, నిలువు వీడియో. డీవీడీలో నిలువు అన్నదే లేదు. పాల్ 16:9 ఫ్రేములో అది 228 చుక్కల వెడల్పున ఒక స్తంభంలా నిలబడుతుంది, మిగతాదంతా నలుపు. ఆ నలుపులో అదే వీడియోను మసకగా నింపే ఫ్యాషన్ ఉంది. నాకు నచ్చదు, పైగా ఆ మసక కూడా బిట్లు తింటుంది. వచ్చే ఫంక్షన్‌కి ఫోన్ అడ్డంగా పట్టుకోమని చెప్పండి, అంతే.

డిస్కు చేశాక రంగులు మారిపోయాయి. కుంకుమ నారింజలా ఉంది.

హెచ్‌డీ వీడియో రంగులను రెక్ 709 అనే సూత్రంతో, డీవీడీ రెక్ 601 అనే సూత్రంతో దాచుకుంటాయి. సైజు మార్చినప్పుడు ఈ సూత్రం కూడా మార్చాలి. మార్చకపోతే ఎరుపూ ఆకుపచ్చా పక్కకు జరుగుతాయి. కొన్ని సాఫ్ట్‌వేర్లు తామే చూసుకుంటాయి, కొన్నిటికి చెప్పాలి. ఎర్ర చీర, పచ్చ అరటాకు ఉన్న ఒక నిమిషం ముక్కతో పరీక్ష చేస్తే వెంటనే తెలిసిపోతుంది.

రంగు మారకుండా మొత్తం వెలిసిపోయి, పాలు కలిపినట్టు ఉంటే కారణం వేరు. కొన్ని కొత్త ఫోన్లు అడగకుండానే హెచ్‌డీఆర్‌లో (వెలుగునీడల తేడాను ఎక్కువగా పట్టే పద్ధతిలో) తీస్తాయి. డీవీడీకి హెచ్‌డీఆర్ తెలియదు. టోన్ మ్యాపింగ్ చేసి మామూలు రంగుల్లోకి దింపాకే ఎన్‌కోడ్ చేయాలి.

ఆడియో?

48 కిలోహెర్ట్జ్ ఉండాలి, 44.1 పనికిరాదు. ఏసీ-3 అనే కుదించిన ఆడియో పద్ధతిలో 192 లేదా 224 కిలోబిట్లు పెట్టండి, సన్నాయి మేళానికి అది చాలు. కుదించని పీసీఎం 1536 కిలోబిట్లు మింగేస్తుంది. సంగీత కచేరీ రికార్డింగ్ అయితేనే ఆ ఖర్చు.

మా దగ్గర వీసీడీలు ఉన్నాయి. వాటిని డీవీడీ చేస్తే బాగుపడతాయా?

బాగుపడవు. ఇంకా పాడుకాకుండా మాత్రం చూసుకోవచ్చు. వీసీడీ ఫ్రేము 352×288, ఎంపెగ్-1, సెకనుకు 1150 కిలోబిట్లు. చాలామంది దీన్ని 720×576కి పెంచి మళ్లీ ఎన్‌కోడ్ చేస్తారు, గోరుచుట్టు మీద రోకటిపోటు. 352×288 ఎంపెగ్-1 వీడియోను డీవీడీ నియమాలే ఒప్పుకుంటాయి. వీసీడీలో ఎంపెగ్‌ఏవీ ఫోల్డర్లో ఉన్న .DAT ఫైలు తీసుకుని, వీడియోను ముట్టుకోకుండా ఆడియోను మాత్రం 44.1 నుంచి 48కి మార్చి డిస్కు చేయండి. ఏడు గంటల దాకా ఒక్క డీవీడీలో పడుతుంది. రెండు మూడు డిస్కులుగా ఇచ్చిన పెళ్లి వీసీడీలు నాలుగైదు ఒకే డీవీడీలో పట్టిన రోజు నాకే ఆశ్చర్యం వేసింది. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఈ వీడియోను చూసి గొణుగుతాయి. ముందు ఒక రీరైటబుల్ డిస్కు మీద పరీక్షించుకోండి.

స్టూడియో ఇచ్చిన డీవీడీలు, మినీ డీవీడీ హ్యాండీక్యామ్ డిస్కులు ఉన్నా ఇదే సూత్రం. అవి అప్పటికే ఎంపెగ్-2. కావాల్సిన చోట కోసి అతికించండి, మళ్లీ ఎన్‌కోడ్ చేయొద్దు. పాతకాలం మిక్సింగ్‌లో వధూవరుల ముఖాలు హృదయం బొమ్మలో తిరుగుతూ ఉంటాయే, దాన్ని కోసేయమని పిల్లలు అడుగుతారు. నేను కోయను.

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

ఉచితంగా దొరికేవాటిలో డీవీడీస్టైలర్ తేలిక. మెనూ కూడా చేస్తుంది. వీడియో అప్పటికే డీవీడీకి తగ్గట్టు ఉంటే, దాని లక్షణాల్లో కోడెక్ దగ్గర "కాపీ" ఎంచుకోండి. లేకపోతే మళ్లీ ఎన్‌కోడ్ చేసి కూర్చుంటుంది. కమాండ్లు రాయడానికి భయం లేనివాళ్లకు ఎఫ్ఎఫ్ఎంపెగ్. అందులో టార్గెట్‌గా పాల్ డీవీడీ అని ఇస్తే 720×576, 25 ఫ్రేములు, వీడియోకు 6 మెగాబిట్లు, ఆడియోకు 448 కిలోబిట్ల ఏసీ-3 తనే పెట్టుకుంటుంది. ఆ 448ని 192కి దించి, 6 బదులు మీ లెక్కలో వచ్చిన అంకె ఇవ్వండి. 4:3నా 16:9నా అన్నది కూడా మీరే చెప్పాలి.

హ్యాండ్‌బ్రేక్ మంచి సాఫ్ట్‌వేర్ గానీ డీవీడీ డిస్కు తయారుచేయడం దాని పని కాదు. ఎంపీ4 ఫైలు చేసి ఇస్తుంది. దాన్ని అలాగే డిస్కు మీద రాసి, "ప్లేయర్‌లో ఆడటం లేదు" అని ఫోన్ చేసేవాళ్లు నెలకు ఒకరైనా ఉంటారు. డీవీడీ ప్లేయర్‌కు కావాల్సింది వీడియో_టీఎస్ అనే ఫోల్డర్, అందులో వాబ్, ఐఎఫ్ఓ, బప్ ఫైళ్లు.

అమెరికాలో ఉన్న మా అమ్మాయికి పంపితే ఆడుతుందా?

పాల్ డిస్కు పంపితే ఆడకపోవచ్చు. అక్కడ అమ్మిన ప్లేయర్లలో చాలావాటికి ఎన్‌టీఎస్‌సీ ఒక్కటే తెలుసు. రీజియన్ కోడ్ (డిస్కు ఏ దేశాల్లో ఆడాలో చెప్పే అంకె) గురించి టెన్షన్ వద్దు. ఇండియా 5, అమెరికా 1 అన్న గొడవ కంపెనీలు అమ్మే సినిమా డిస్కులకే, ఇంట్లో చేసిన డిస్కుకు రీజియన్ ఉండదు. ఫోన్ వీడియో అయితే పైన చెప్పినట్టు ఎన్‌టీఎస్‌సీగా చేసి పంపేయండి. పాత పాల్ క్యాసెట్‌ను 25 నుంచి 29.97కి మారిస్తే కదలిక కచ్చితంగా దెబ్బతింటుంది. అలాంటివాటికి డిస్కు బదులు పాల్ ఫైలునే పంపండి. అమ్మాయి ల్యాప్‌టాప్ దాన్ని హాయిగా చూపిస్తుంది.

బ్లూరే చేస్తే పోలేదా?

ప్లేయర్ ఉంటే తప్పకుండా. 25 జీబీ డిస్కులో 1920×1080 వీడియో, ఎంపెగ్-2 కంటే కొత్తదైన హెచ్.264 పద్ధతిలో, సెకనుకు 25 మెగాబిట్లతో రెండు గంటలు పడుతుంది, ఫ్రేము సైజు తగ్గించాల్సిన పనే లేదు. చిన్న చిక్కు: 1080 సైజులో సెకనుకు 30 పూర్తి ఫ్రేములను బ్లూరే నియమాలు ఒప్పుకోవు. ఫ్రేమును రెండు సగాలుగా గుర్తు వేసి 29.97 ఇంటర్లేస్‌గా ఇస్తే బొమ్మకు నష్టం లేకుండా సరిపోతుంది. బ్లూరే ప్లేయర్ ఉంది గానీ బ్లూరే రైటర్ లేదనుకుంటే, మామూలు డీవీడీ మీదే ఏవీసీహెచ్‌డీ పద్ధతిలో అరగంటకు పైగా హెచ్‌డీ వీడియో రాసుకోవచ్చు. చాలా బ్లూరే ప్లేయర్లు దాన్ని ఆడిస్తాయి. మామూలు డీవీడీ ప్లేయర్ మాత్రం ఆడించదు.

పెన్ డ్రైవ్‌లో వేసి టీవీకి పెట్టుకుంటే సరిపోదా?

సరిపోతుంది. బొమ్మ కూడా డీవీడీ కంటే బాగుంటుంది. టీవీకి యూఎస్‌బీ ఉండి, రిమోట్‌లో ఫైళ్లు వెతుక్కోవడం వచ్చినవాళ్లకు నేను డిస్కు చేయను, హెచ్.264 ఎంపీ4 ఇచ్చేస్తాను. ఫ్యాట్32 పెన్ డ్రైవ్‌లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, అది చూసుకోండి. పాత డీవీడీ ప్లేయర్‌కు ఉన్న యూఎస్‌బీ రంధ్రం వేరే సంగతి. వాటిలో చాలావాటికి డివ్‌ఎక్స్ ఏవీఐ ఫైళ్లే తెలుసు, హెచ్.264 తెలియదు.

మా పెద్దనాన్నగారికి మాత్రం డిస్కే కావాలి. పెడితే దానంతట అదే మొదలవ్వాలి. పెన్ డ్రైవ్ అయితే మనవడు సినిమాలు ఎక్కించుకుంటాడని ఆయన భయం. ఆ భయం ఒకసారి నిజమైంది కూడా.

రైట్ చేసిన డిస్కు సగం దాకా ఆడి, చివర్లో ఆగిపోతోంది.

వీడియో తప్పు కాకపోవచ్చు. డిస్కు లోపలి నుంచి బయటికి రాస్తారు, అంచుల దగ్గర తప్పులు ఎక్కువ పడతాయి. 16 రెట్ల వేగం అని డబ్బా మీద ఉన్నా 4 లేదా 8లో రాయండి. రాశాక వెరిఫై చేయించండి. ఇమ్గ్‌బర్న్ అనే రైటింగ్ సాఫ్ట్‌వేర్లో ఒక టిక్కు పెడితే తనే చేస్తుంది. డిస్కును నిండా నింపకుండా చివర కొంచెం ఖాళీ వదలడం నా అలవాటు. ప్లేయర్ మరీ పాతదైతే డీవీడీ మైనస్ ఆర్ రకం ఖాళీ డిస్కు ప్రయత్నించండి. ఫైనలైజ్ చేయడం (రాయడం ముగిసిందని డిస్కును మూసేయడం) మరిచిపోతే కంప్యూటర్లో తప్ప ఎక్కడా ఆడదు.

డిస్కు మీద కాగితం లేబుల్ అంటించొచ్చా?

వద్దు. జిగురు ఒక పక్క ఎండి ముడుచుకుంటే తిరిగేటప్పుడు డిస్కు ఊగుతుంది, చివరి అరగంట చదవలేకపోతుంది. మెత్తని మొన ఉన్న మార్కర్‌తో పేరూ తేదీ రాయండి, బాల్ పెన్నుతో కాదు. పాల్ అయితే పాల్ అని, ఎన్‌టీఎస్‌సీ అయితే ఆ మాట కూడా పక్కన రాసిపెట్టండి. అసలు ఫైలు ఏ హార్డ్ డిస్కులో ఉందో కవరు లోపలి వైపు రాస్తాను నేను. పదేళ్ల తర్వాత ఇంకో కాపీ అడిగినప్పుడు ఈ డిస్కులోంచి కాదు, దాంట్లోంచి తీయాలి.